చీటీలో ఉన్నది ఉన్నట్టు

ఒక్క మాటే మార్చాను. అత్తగారు అని ఉన్నచోట కోడలు అని చదివాను. అంతే. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే చదివాను, "ప్రభువా, మా కోడలి నోరు మూయించు, నేను తట్టుకోలేకపోతున్నాను" అని, గొంతు కూడా వణకలేదు, బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో వైవాకి కూడా ఇంత నిబ్బరంగా జవాబు చెప్పలేదు నేను, ఇప్పుడు చాప మీద మోకాళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాక మొదలైంది గుండెలో దడ. మూరెడు దూరంలో మా అత్తగారు దీవెనమ్మ తల మీద కొంగు సర్దుకుంటున్న చప్పుడు. మా ఇద్దరి మధ్యా చాప మీద ఆ చీటీ. అది నా చీటీ. నీలం జెల్ పెన్నుతో, మకారం తోక కొంచెం ఎక్కువ లాగి, కింద గీత కూడా గీసి, నేనే, ఈ చేత్తోనే, మూడు వారాల కిందట రాసి చర్చిలో ప్రార్థన పెట్టెలో వేసిన చీటీ. ప్రభువా, మా అత్తగారి నోరు మూయించు. ముప్పైమంది ఆడవాళ్లున్న సంఘంలో ఎవరికీ దొరక్కుండా ఎక్కడెక్కడో చీటీల అడుగున దాక్కుని వచ్చి సరిగ్గా ఆవిడ చేతిలోనే పడింది, ఆవిడ తెచ్చి సరిగ్గా నా చేతికే ఇచ్చారు.

"సదువమ్మా సెకీనా," అన్నారు ఇందాక. షెకీనా అని పలకడం ఆవిడకి రాదు, పెళ్లిచూపుల నాడు మూడుసార్లు ప్రయత్నించి నాలుగోసారికి సెకీనా దగ్గర ఆగిపోయారు, నాకు ఆ పేరే ఇష్టంగా ఉంది ఇప్పుడు, ఇంకెవరిదో పేరు పెట్టుకుని కొత్తగా పుట్టినట్టు ఉంటుంది. చదవమనగానే సంతోషంగానే అందుకున్నాను, నాకో పని చెప్పారు కదా అని, మడత విప్పేదాకా సంతోషమే. విప్పగానే నా అక్షరాలు నా మొహంలోకి చూశాయి. రోడ్డు మీద నడుస్తుంటే ఎదురుగా మనమే వస్తే ఎలా ఉంటుంది, అలా. ఆవిడ మొహం నా వైపే తిప్పి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా ఎదురుచూస్తున్నారు. ఆ చూపులో ఏ అనుమానమూ లేదు. ఉంటే బాగుండేది.

నాకేం తెలుసు. విశాఖపట్నంలో మా పుట్టింటి చర్చిలో చీటీలు పెట్టెలో వేస్తే పాస్టరుగారొక్కరే, తలుపులేసుకుని, చదివి, ప్రార్థన చేసి కాల్చేస్తారు. అక్కడ నేను ఇంటర్ మార్కుల దగ్గర్నుంచి మొటిమల దాకా అన్నీ రాసి వేసేదాన్ని. ఇక్కడ అనకాపల్లిలోనూ అదే పెట్టె, అదే తాళం, అదే కన్నం, వేసేశాను. ఇక్కడ నెలకోసారి ఆ పెట్టె తెరిచి ఆడవాళ్లందరికీ తలో చీటీ పంచుతారని, ఎవరికి ఏది వస్తే అది ఒక వారం పట్టుకుని ప్రార్థన చేస్తారని, ఎవరు రాశారని అడగకూడదని, వారం తిరిగాక పాస్టరమ్మగారి పొయ్యిలో వేసేస్తారని ఇందాకే, ఈ చాప మీద కూర్చునేటప్పుడే ఆవిడ చెప్పారు. మొన్న ఆదివారం పంచుతుంటే నేను లేను. గేటు దగ్గర నుంచి మా ఆయన స్టీవెన్ చెయ్యి ఊపారు, పరుగెత్తాను. చెరకు రసం బండి. అల్లం ఎక్కువ వేయించి, ఒకే గ్లాసు, ఇద్దరమూ తలో గుక్కా. పెళ్లయి ఆరు వారాలైంది, ఇంకా నాకు హార్లిక్స్ సీసాలో రెండు బ్రష్షులు కనిపిస్తే నవ్వొస్తుంది, తీగ మీద మా ఇద్దరి తువ్వాళ్లూ పక్కపక్కన ఆరుతుంటే ఊరికే నిలబడి చూస్తాను. చెరకు రసం నురగ ఆయన మీసానికంటుకుంటే ప్రపంచంలో ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. సరిగ్గా అప్పుడే, గోడకి అటు పక్క, ఆవిడ పెట్టెలో చెయ్యి పెట్టి ఉంటారు.

ఎందుకు రాశాను? రాయడానికి కారణముంది. ఈ ఆరు వారాల్లో ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, ఆ మాట ఎవరిముందైనా చెప్తాను. ఏమున్నా ప్రభువుకే చెప్తారు. తెల్లారి అయిదింటికి, పెరట్లో నుయ్యి పక్కన నిలబడి, ఎలుగెత్తి చెప్తారు. "తండ్రీ, నా కోడలు బంగారం, కానీ నిన్న సేపల పులుసులో ఉప్పు రెండుమార్లు యేసింది, ఆ పిల్లకి గేనం ఇయ్యి." "తండ్రీ, ఆళ్లిద్దరూ ఏడయినా లెగరు, ఆళ్లని నువ్వే లేపాల, నేను తలుపు కొట్టకూడదు కదా." పక్కింటి చిన్నమ్మలుగారు గోడ మీంచి తల పెట్టి, "ఏటమ్మా కొత్త కోడలా, ఏడయినా లెగవంట! మీ అత్త మీ దేవుడితో సెప్తంటే ఇన్నాను. ఆయనేటన్నాడు మరి?" అని అడిగి, పక్కవాళ్లకి కూడా వినపడేలా నవ్వారు. లోపలికి పరుగెత్తి తలుపేసుకుంటే ఈయన దిండు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. చెవులు కాలిపోయాయి. నన్నే తిట్టొచ్చు కదా, నాలుగు గోడల మధ్య, కావాలంటే చెడామడా తిట్టొచ్చు, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మా పేట గవరపాలెం అంతటికీ నా పులుసు సంగతి చెప్పడం ఎందుకు? ఆ ఆదివారమే రాశాను. పెన్ను కాగితంలోకి దిగింది. రాసి, పెట్టెలో వేసి, హాయిగా మరిచిపోయాను. మరిచిపోవడమే ఎంత సుఖంగా జరిగిపోయిందో.

పన్నెండు కొట్టింది కాబోలు, రైలు కూత వినపడింది. శుక్రవారం ఉపవాసం, పొద్దుట్నుంచి మంచినీళ్లే, కడుపులో పేగులు మాట్లాడుతున్నాయి. శుక్రవారం నాడు ఆవిడ చీటీని మళ్లీ చదివించుకుని ఎదురుగా పెట్టుకుని గంటసేపు ప్రార్థన చేస్తారట. ఆవిడకి చదువొచ్చు, కానీ అచ్చు మాత్రమే వచ్చు. నలభయ్యో ఏట పెద్దక్షరాల బైబిలు మీద వేలు పెట్టి నేర్చుకున్నారు, అందుకని పుస్తకమైతే చదువుతారు, చేతిరాత ముందు ఆగిపోతారు. "అచ్చచ్చరాలైతే కూడబలుక్కుని సదివేత్తాను. సేతిరాత మనిసికో రకంగా ఉంటాది, నాకు అందదమ్మా," అన్నారు. చదివిపెట్టాల్సింది మా ఆయన. నెహ్రూచౌకు దగ్గర ఆయన జిరాక్సు, ఎస్టీడీ బూత్, ఇవాళ ఇంటర్ పిల్లల పరీక్ష దరఖాస్తులకి ఆఖరి రోజు, ఊపిరాడని రద్దీ. పావు తక్కువ పన్నెండుకి సెల్లుకి రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చారు. ఒకటంటే నువ్వు గుర్తొచ్చావని. రెండంటే ఇంటికి రాలేనని. ఒకటికి రెండు వచ్చాయని మురిసిపోయాను, అదీ నా తెలివి.

నేను మార్చి చదివింది విని ఆవిడ చెవి మీది కొంగు వెనక్కి తోసుకున్నారు. తర్వాత, "కోడలి నోరా? మూయించీమందా?" అన్నారు. "ఏ అత్తో గానీ ఎంత మండితే రాయించిందో. సర్లే. సీటీలో ఉన్నది ఉన్నట్టు అడగాల. మనం మార్సకూడదు." మనం మార్చకూడదు. ఆ మాట నా వీపు మీద వేడినీళ్లు పోసినట్టు పడింది, మోకాళ్ల మీద కూర్చోవడానికి అది మంచి సాకైంది, చటుక్కున కళ్లు మూసేసుకున్నాను. ప్రార్థనలో కళ్లు మూసుకున్నవాళ్లని ఎవరూ ఏమీ అడగరు.

"స్తోత్రం తండ్రీ," అని మొదలుపెట్టారు. గొంతు అదే, నుయ్యి పక్కన గొంతే, గదిలో ఇంకా పెద్దగా ఉంది, గోడకున్న క్యాలెండరు కాగితం కూడా కదులుతున్నట్టనిపించింది. "నా సేతికొచ్చిన సీటీ ఇది. రాయించిన అత్త ఎవులో నాకు తెల్దు. దాని కోడలి నోరు మూయించమంటంది. అది అడిగింది నేను అడిగీసేను, ఒక్క ముక్క మార్సలేదు. ఇంక నా మాట ఇను. నువ్వు మటుకు ఇయ్యకు."

నా ఒక కన్ను దానంతటదే తెరుచుకుంది. దేవుడితో అలా మాట్లాడతారా ఎవరైనా? మా యూత్ మీటింగులో అలా అంటే లేచి వెళ్లిపోతారు. ఆవిడ చేతులు రెండూ దోసిలి పట్టి, కనురెప్పలు గట్టిగా బిగించి, ఎదురుగా కూర్చున్న మనిషిని బతిమాలినట్టు తల ఊపుతున్నారు. "ఇయ్యకు తండ్రీ. ఆ పిల్ల నోరు ముయ్యకు. మూసిన నోరు ఎలాగుంటాదో నాకు తెలుసు కదా. రావికమతంలో నా అత్తోరింట కోడలి గొంతు గడప దాటకూడదన్నారు. ఏడేళ్లు. కూర మాడిందని సెప్పాలన్నా సేత్తోనే సైగ సేసేను. పొంతకుండలో మరిగే నీళ్లు కాళ్ల మీద పడ్డ నాడు కూడా అమ్మా అనలేదు, నువ్వు సూసేవు. బైబిలు సెప్పడానికొచ్చిన బుల్లమ్మగారు కదా సెప్పింది, ఆయనతో గట్టిగా మాటాడొచ్చు, ఆయన ముందు ఎవులూ నిన్ను నోరు ముయ్యమనరూ అని. సెరకు తోటలోకి పోయి నిలబడ్డాను. ఏటి మాటాడాలో తెల్దు. ఉప్పు సెప్పేను. కారం సెప్పేను. నువ్వు ఇన్నావు. నాకు నోరిచ్చింది నువ్వు. ఇప్పటికీ మనుసులతో సెప్పడం నాకు రాదు తండ్రీ, దెబ్బలాటవుద్దని బయం. ఏటున్నా నీకు సెప్పీత్తాను, నువ్వు సూసుకుంటావని."

చెరకు తోట. నాకు చెరకు తోట అంటే రసం బండి. నురగ. అల్లం. నా ఈడు పిల్ల ఒకతి తోట మధ్యలో నిలబడి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, ఏడేళ్ల తర్వాత తన గొంతు తను వినడం నాకెప్పుడూ తట్టలేదు, ఎలా తడుతుంది, ఎవరూ చెప్పలేదు, ఈయన చెప్పలేదు, ఈయనకి తెలుసా అసలు? ఆవిడ ఉప్పు సంగతి ఊరికి చెప్తున్నారనుకున్నాను. ఊరు ఆవిడకి వినపడనే లేదు. ఆవిడకున్న ఒకే ఒక్క చోటు అది, ఆ చోటు మీద తలుపు వేయమని నేను నీలం పెన్నుతో రాసి కింద గీత గీశాను. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. చెప్పెయ్యాలి. ఆమేన్ అనేలోపు చెప్పెయ్యాలి. ఆమేన్ అంటే అలాగే జరుగుగాక అని కదా, నా అబద్ధానికి నేనే అలాగే జరుగుగాక అంటే ఇంక ఏ మొహంతో మోకాళ్లూనుతాను? చెప్తే ఏమవుతుంది? చెప్తే ఈ గొంతు ఆగిపోతుంది. చీటీలో ఉన్నది ఆవిడకి ఆజ్ఞ. చెప్పకపోతే నాకు ఈ ఇంట్లో ప్రార్థన ఉండదు. ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంటే బాగుండునని చాప పుల్లలు గోటితో గిల్లుతున్నాను.

"ఇంకో మాట తండ్రీ," అన్నారు, గొంతు కొంచెం తగ్గించి, మొహమాటంగా. "ఆదివారం సాయంత్రం ఇదే సీటీ మా అబ్బాయి సదివితే ఎవులికో మోకాళ్ల నొప్పులని ఇన్నాను. అయిదు రోజులూ మోకాళ్ల కోసమే నిన్ను ఇసిగించేను. ఇయ్యాల కోడలు సదివితే నోరని ఉంది. ఆళ్లిద్దరూ సదువుకున్నోళ్లు, ఆళ్లెందుకు తప్పు సదువుతారు. నా సెవులకే మాంద్యం వచ్చింది. వయసు మీద పడింది. నన్ను సెమించు. నా సెవులు బాగుసెయ్యి."

మోకాళ్లు. సోమవారం నుంచి నుయ్యి పక్కన ఎవరో సహోదరి మోకాళ్లు, ఎవరో సహోదరి మోకాళ్లు అని వింటూనే ఉన్నాను, సంఘంలో ఏ ముసలావిడకో అనుకుని అటు తిరిగి పడుకున్నాను. ఆయన చదివారు. ఆదివారం సాయంత్రం, నేను మేడ మీద బట్టలు తీస్తున్నప్పుడు అయ్యుంటుంది, విప్పారు, చూశారు, ఆయనకి నా చేతిరాత తెలియదా? నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య మూడు నెలల్లో నలభై ఉత్తరాలు రాశాను ఆయనకి, నా మకారం తోక పట్టుకుని ఆటపట్టించిందే ఆయన. తెలిసింది. తన తల్లి నోరు మూయించమని తన పెళ్లాం దేవుణ్ణి అడిగిందని తెలిసి, ఎదురుగా నిలబడ్డ తల్లికి మోకాళ్ల నొప్పులని చదివిపెట్టి, మెట్లెక్కి పైకొచ్చి నా చేతిలోంచి ఆరిన దుప్పటి అందుకున్నారు. ఏమీ అనలేదు. సోమవారం మామూలుగా ఉన్నారు. మంగళవారం బీరకాయ కూర బాగుందన్నారు. బుధవారం అన్నం తింటూ తింటూ, ఏ సందర్భమూ లేకుండా, "నీ రాత భలే ఉంటుంది షెకీ, ఎక్కడున్నా గుర్తుపట్టేస్తాను," అన్నారు. దేవుడా. ఆ మాటకి నేను రోజంతా ఇల్లంతా గంతులేశాను. అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను. ఆయన నాకు దారి చూపించారు, నేను దాన్ని పూలదండ అనుకుని మెళ్లో వేసుకుని తిరిగాను. సిగ్గు కాలి వేళ్ల నుంచి పైకి పాకుతోంది. డిగ్రీ చదువుకున్న ఇద్దరం కలిసి, ఒకరికి తెలియకుండా ఒకరం, అక్షరం అక్షరం కూడబలుక్కునే మనిషి చేత వారమంతా లేని మోకాళ్ల కోసం ప్రార్థన చేయించాం, చేయించి చివరికి ఆవిడ చెవుల మీద తప్పు వేయించాం. ఆవిడ క్షమాపణ అడుగుతున్నారు. ఆవిడ!

ఆమేన్ వస్తుందని బిగదీసుకుని కూర్చున్నాను. రాలేదు. మోచేతి మీద వేలితో తట్టారు. "ఇప్పుడు నువ్వు సెయ్యమ్మా. ఆ కోడలి కోసం. నీ ఈడుదే అయ్యుంటాది, నువ్వడిగితే ఇంకా బాగుంటాది."

ప్రార్థన బాగా చేస్తానని పుట్టింట్లో నాకు పేరు. పెళ్లిళ్లకీ, గృహ ప్రవేశాలకీ షెకీనా చేత చేయించండి అనేవారు, పెద్ద పెద్ద మాటలు వరస తప్పకుండా వచ్చేవి, చివర్లో కొందరు కళ్లు తుడుచుకునేవారు కూడా. ఇప్పుడు నోరు తెరిచాను, ఒక్క పెద్ద మాట లేదు. ప్రభువా అన్నాను. తర్వాత ఏమీ లేదు. వీధిలో బెల్లం లారీ ఏదో గేరు మార్చుకుంటూ వెళ్లింది, అది మలుపు తిరిగేదాకా ఆగాను, దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగాను, ఇంక ఆగడానికి ఏ చప్పుడూ మిగల్లేదు.

"ప్రభువా, ఆ చీటీ నాది."

పక్కన ఆవిడ నా వైపు తిరిగిన చప్పుడు.

"మోకాళ్ల నొప్పులు ఎవరికీ లేవు. కోడలి నోరని కూడా లేదు. అత్తయ్య చెవులు బాగానే ఉన్నాయి. నేను మార్చి చదివాను. ఆయన కూడా మార్చే చదివారు, నాకోసం." ఆమేన్ అనడం మరిచిపోయాను.

"కళ్లు తెరువమ్మా," అన్నారు. మామూలు గొంతు. "తీసి సదువు. ఉన్నది ఉన్నట్టు."

తీశాను. చదివాను. ప్రభువా అన్నది తేలిగ్గానే వచ్చింది. మా అన్నాను. అత్తగారి అన్న నాలుగక్షరాలు పలకడానికి పట్టినంత సేపు నా పెళ్లి ప్రమాణాలకి కూడా పట్టలేదు. నోరు మూయించు. నేను తట్టుకోలేకపోతున్నాను. చదివి, ఆవిడ వైపు చూడకుండా, కాగితం వైపే చూస్తూ ఉండిపోయాను. ఏడుస్తారనుకున్నాను. అరుస్తారనుకున్నాను. పెరట్లోకి వెళ్లి గవరపాలెం మొత్తానికీ వినపడేలా ప్రభువుకి చెప్తారేమో అనుకున్నాను, చెప్పనీ, ఈసారి తలుపేసుకోను, పక్కనే నిలబడతాను అనుకున్నాను. ఆవిడ చెయ్యి చాపి చీటీ తీసుకున్నారు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని, "ఇందులో అత్త ఏది?" అన్నారు. వేలు పెట్టి చూపించాను. "అ," అని ఆగి, "త్త," అన్నారు. "అచ్చులో ఇలాగుండదు. ఇక్కడ కింద గీత కూడా ఉంది."

"నేనే గీశాను అత్తయ్యా."

"నాకే సెప్పకపోయేవా?"

"భయమేసింది."

ఆవిడ నన్ను చూశారు. ఆరు వారాల్లో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. "అవునులే," అన్నారు, అంతే, వంట సంగతి మాట్లాడుకున్నట్టు. చీటీని మళ్లీ నాలుగు మడతలూ పెట్టి చాప మీద దాని చోట దాన్ని ఉంచి, కొంగు సర్దుకుని, దోసిలి పట్టి కళ్లు మూసుకున్నారు.

నేనూ మూసుకున్నాను. ఎదురుచూశాను. ఈ అత్త నోరు కూడా ముయ్యకు తండ్రీ అంటారని, నువ్వు మటుకు ఇయ్యకు అంటారని. ఎవరో తెలియని ఆ కోడలి కోసం అంత దెబ్బలాడిన మనిషి తన కోసం ఒక్క మాటైనా అంటారు కదా. ఏమీ వినపడలేదు. కళ్లు తెరిచి చూస్తే పెదవులు కదులుతున్నాయి. గబగబా కదులుతున్నాయి, నుదురు ముడతలు పడుతోంది, తల ఊగుతోంది, అంతా అదే, గొంతు ఒక్కటే లేదు. పక్కకి ఒరిగాను. ఇంకొంచెం ఒరిగాను. నా చెవి ఆవిడ భుజానికి తగిలింది. ఊపిరి తగులుతోంది, మాట తగలట్లేదు. నా గురించేనా? ఏం చెప్తున్నారు? ఉప్పు సంగతా, చీటీ సంగతా, ఆవిడ కొడుకు చెప్పిన అబద్ధం సంగతా, ఇవేవీ కాక నేను ఇంకా చేశానని కూడా నాకు తెలియనిదేదైనానా? ఇన్నాళ్లూ నా తప్పు ఏదైనా తెల్లారేసరికి నాకు తెలిసిపోయేది.

"అత్తయ్యా, గట్టిగా చెయ్యండి," అన్నాను. "వినపడట్లేదు. నా చీటీ నేను వెనక్కి తీసేసుకుంటాను. కావాలంటే చింపేస్తాను."

చీటీ మీదికి వెళ్లిన నా చేతిని ఆవిడ చెయ్యి మెల్లగా ఆపింది. కళ్లు తెరవకుండానే, పెదవులు విడీ విడనట్టు, గాలితోనే అన్నారు. "పెట్టెలో యేసింది ఆయనకిచ్చీసినట్టే కదమ్మా. సీటీ వారం రోజులుంటాది. అయిదు రోజులు మోకాళ్లకే పోయేయి. మిగిలిన రెండ్రోజులైనా సీటీ మాట నిలబెట్టనీ. ఆదివారం దాకా."

మళ్లీ పెదవులు కదిలాయి. ఇవాళ శుక్రవారం.